ఎర్ర తువ్వాలు

చౌటమిట్ట, చిత్తూరు దగ్గర
12-6-1983

చిరంజీవి ధనంజయకు,

మీ మామ దొరస్వామి నిండు మనసుతో దీవించి రాసేది. మేమంతా బాగున్నాం. మీ అత్త మోకాళ్ళు మాత్రం బాగాలేవు. అవి బాగైపోతే నన్ను తిట్టడానికి ఆమె ఇంకో కారణం వెతుక్కోవాలి కాబట్టి, ఉన్నవి అలా ఉండడమే నయం.

నువ్వు మద్రాసు బస్సెక్కిన రోజు నేను నవ్వానని మీ అమ్మ పలమనేరు నుంచి కోపంగా కబురు పెట్టింది. నవ్విన మాట నిజమే. రెండు సీజన్లు మన పంచదార ఫ్యాక్టరీలో నా పక్కన క్రేను క్యాబిన్‌లో కూర్చుని, చెరకు మోపులు బండ్ల మీద నుంచి ఎత్తి మిల్లు నోటికి అందించినవాడు, ఇప్పుడు ఆరు నెలలు బల్ల ముందు కూర్చుని 'క్రేను అనగానేమి' అని రాసుకోబోతున్నాడే అనిపించింది. చేపపిల్లకు ఈత నేర్పడానికి బడి పెట్టినట్టుంది. అయినా సర్టిఫికెట్టు లేనిదే కొత్తవాళ్ళను క్రేను ఎక్కించకూడదని మేనేజరు పట్టుబట్టాడు. కానీలే, చదువు చెడ్డది కాదు.

నా చదువు సంగతి నీకు తెలుసు. శెనక్కాయలు పొట్లం కట్టిన కాగితాలు చదివి అక్షరాలు పట్టుకున్నవాణ్ణి. అందుకే నాకు తెలిసిన కథలన్నీ నడుమ మొదలై నడుమనే ఆగిపోతాయి. ఒక రాజకుమారి ఇరవై ఏళ్ళుగా బావి గట్టు మీద నిలబడే ఉంది. దూకిందో లేదో ఈనాటికీ నాకు తెలియదు.

క్రేను చదువూ అలాంటిదే. 1961లో ఇంజనీరు మమ్మల్ని వరసగా నిలబెట్టి, చెట్టెక్కడం ఎవరికి వచ్చని అడిగాడు. నేను చెయ్యెత్తాను. అదే నా అప్లికేషను. పది రోజులు హ్యాండిలు పట్టనిచ్చి, పదకొండో రోజు ఒక పలక మీద నిండా నీళ్ళు పోసిన కుండ పెట్టి, కొక్కేనికి తగిలించి, యార్డు ఈ చివరి నుంచి ఆ చివరికి తీసుకుపోయి దించమన్నాడు. చుక్క ఒలకలేదు. అదే నా సర్టిఫికెట్టు. ఆ కుండ ఇంకా ఇంట్లోనే ఉంది. మీ అత్త అందులో చింతపండు దాస్తోంది.

సుబ్బన్న నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. ఇరవై రెండేళ్ళుగా నేను పైన, వాడు కింద. వాడు మోపుకు గొలుసు తగిలించి తువ్వాలు ఒకలా ఆడిస్తే నేను ఎత్తుతాను, ఇంకోలా ఆడిస్తే దించుతాను. మా మధ్య మాట లేదు కాబట్టి తగాదా లేదు. మీ అత్తతో కూడా తువ్వాలుతోనే కాపురం చేసి ఉండవలసింది.

ఈ మధ్య ఇంకులో నీళ్ళు కలిపి అమ్ముతున్నారు. రాసింది రాసినట్టే వెలిసిపోతోంది. అక్కడ మంచి ఇంకు దొరికితే ఒక సీసా తీసుకురా.

ఇట్లు,
ఆకాశంలో కూర్చుని అన్నం తినేవాడు,
మామ దొరస్వామి


మద్రాసు
3-7-1983

మామకు ధనంజయ నమస్కారాలు.

అత్తకు, సుబ్బన్నకు నేను అడిగానని చెప్పు. ఇక్కడ తిండి పరవాలేదు, ఎండ మాత్రం ఉప్పగా ఉంటుంది.

నీకు సంతోషమయ్యే వార్త రాయాలని పదిహేను రోజులు ఆగాను. అది రాలేదు. మొదటి పరీక్షలో తప్పాను మామా.

రెండు టన్నుల ఇనుప దిమ్మను ఎత్తి గాలిలో ఆపి ఉంచాను. కింద ఒకడు సైగ చేస్తున్నాడు. వాడి పక్కన మా మాస్టరు శాంతయ్య నిలబడి ఉన్నాడు. ఎండకు ఆయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. నేను దిమ్మను దించేశాను. జానెడు ఎత్తులో ఉండగా ఆపమని బెల్లు మోగింది. ఎవరు దించమన్నారని అడిగితే, మీరే కదా సార్ అన్నాను. ముప్పై మంది నవ్వారు.

శాంతయ్య నవ్వలేదు. ఆయనది శ్రీకాళహస్తి. సాయంత్రం పిలిచి, ముఖం తుడుచుకుంటే దించమని యాడ నేర్చుకున్నావని అడిగాడు. నీ గురించి, సుబ్బన్న గురించి చెప్పాను. చాలాసేపు విన్నాడు. తర్వాత ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను, కోపం తెచ్చుకోవద్దు.

"మీ మామ, ఆ సుబ్బన్న ఇద్దురు కాదప్పా, ఒకే మనిషి. పైన కన్ను, కింద చెయ్యి. బాగానే ఉండాది. అయితే రేపు ఆ చెయ్యి ఇంటికి పోతే, ఉత్త కన్నును నమ్ముకోని కింద ఎవుడు నిలబడాల?"

ఇక్కడ మొదటి పాఠం ఇది: ఎత్తమని, దించమని ఒక్కడే చెప్పాలి. ఆపమని మాత్రం దారిన పోయేవాడు చెప్పినా ఆపాలి.

మీ తువ్వాలు సైగలన్నీ రాసి పంపమని శాంతయ్య అడిగాడు. నాకు కొన్ని గుర్తులేవు. వీలైతే పంపు. ఇంకో సంగతి, చేరిన రోజే మాకు కంటి పరీక్ష చేశారు. ఏడాదికొకసారి చేయించుకోవాలట. ఇద్దరిని తిప్పి పంపేశారు.

నీ అల్లుడు,
ధనంజయ


చౌటమిట్ట
20-7-1983

చిరంజీవి ధనంజయకు మామ దొరస్వామి రాసేది. దీవెనలు ఎప్పటిలాగే ఉన్నాయి, తగ్గించలేదు.

నీ ఉత్తరం మిద్దె మీద మధ్యాహ్నపు ఎండలో నిలబడి చదివాను. ఇంట్లో బల్బుకు ఓల్టేజీ రావడం లేదు. చదివి, మిద్దె మీదే కాసేపు కూర్చున్నాను. కాలింది. నేల వల్లనో ఉత్తరం వల్లనో చెప్పలేను.

నేను నేర్పింది ముప్పై మందికి నవ్వులాటైందన్న మాట. మంచిది. కానీ ఆ భాష ఎలా పుట్టిందో మీ శాంతయ్యకు చెప్పావా? మిల్లు తిరిగే చోట కేకలు వినపడవు. సుబ్బన్న ఎడమ చెయ్యి ఎప్పుడూ గొలుసు మీదే ఉంటుంది. మిగిలింది కుడి చెయ్యి, అందులో తువ్వాలు. తలకు చుడితే ఎత్తమని. ముఖం తుడుచుకుంటే మెల్లగా దించమని. కుడి భుజాన వేస్తే కుడికి, ఎడమ భుజాన వేస్తే ఎడమకి. తొడ మీద చరిస్తే ఆపమని. చంకలో పెట్టుకుంటే టీ వచ్చిందని. ఈ చివరిది మీ బడిలో ఉందా?

నిజంగా చెమట పడితే ఏం చేస్తాడని నువ్వు అడగొచ్చు. పడితే భుజానికి రాసుకుంటాడు. ఇరవై రెండేళ్ళుగా యార్డులో వాడు తువ్వాలుతో ముఖం తుడుచుకోలేదు. దీన్ని మీ బడిలో ఏమంటారో కనుక్కో.

దారిన పోయేవాడు ఆపమంటే ఆపాలా? యార్డులో రోజుకు రెండు వందల బండ్లు. ప్రతి బండివాడూ అరుస్తాడు, ఒకడు ఎద్దు మీద, ఒకడు పక్కవాడి మీద, ఒకడు ఊరికే. నేను ఎవరి కేకా వినను. సుబ్బన్న తువ్వాలే వింటాను.

ఇంతలో ఇక్కడ నోటీసు అంటించారు. పాతవాళ్ళు కూడా సీజను మొదలయ్యేలోగా సైగల పరీక్ష, కంటి పరీక్ష చేయించుకోవాలట. లేకపోతే క్రేను దిగాలి. నీ ఉత్తరం వచ్చిన నాలుగో రోజే నోటీసు రావడం కాకతాళీయమని మీ అత్త అంటోంది. కావచ్చు.

మామ దొరస్వామి


మద్రాసు
14-8-1983

మామకు నమస్కారాలు.

ఆ నోటీసుకూ నాకూ సంబంధం లేదు. మీ సైగలు శాంతయ్య నోటుపుస్తకంలో రాసుకున్నాడు, అంతే. చెమట భుజానికి రాసుకుంటాడన్న మాట చదివి వినిపిస్తే, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టుకున్నాడు. ఎగతాళికి కాదు.

రెండు సంగతులు దాచకుండా రాస్తాను. మేనేజరు నాకు ఉత్తరం రాశాడు. శిక్షణ పూర్తయ్యాక వచ్చి క్రేనులో చేరతావా అని. నేను జవాబు రాయలేదు. నిన్ను అడక్కుండా రాయను.

రెండోది. నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. జూన్‌లో ఒక పేజీకి ఇరవై రెండు వరసలు రాశావు. జూలైలో పద్నాలుగు. అక్షరాలు అంతంత అయ్యాయి. కింద రెండు వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఇంకు నల్లగానే ఉంది మామా. చాలా నల్లగా ఉంది.

ఒక్కసారి తిరుపతికి పోయి కళ్ళు చూపించుకో. ఎవరికీ చెప్పక్కర్లేదు.

నీ అల్లుడు,
ధనంజయ


(కార్డు)
చౌటమిట్ట, 30-8-1983

ధనంజయకు. క్షేమం. మేనేజరుకు జవాబు రాసెయ్యి. చేరతానని రాయి. కుర్చీ కావాలనుకున్నవాడు కుర్చీ అడగాలి గానీ, కూర్చున్నవాడి కళ్ళ మీద పడకూడదు. నా అక్షరాలు లెక్కపెట్టే పని మీ బడిలో ఏ పాఠమో నాకు తెలియదు. ఇంకు సీసా అక్కర్లేదు.
దొరస్వామి


మద్రాసు
16-10-1983

మామకు నమస్కారాలు.

కార్డు తర్వాత రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. నువ్వు బాగానే ఉన్నావని మాత్రం అమ్మ రాసింది. సుబ్బన్న రిటైరయ్యాడని కూడా రాసింది.

నీ కుర్చీ నాకు వద్దు. మేనేజరుకు రానని రాసేశాను. ఎక్కడో ఒక చోట నాకు పని దొరక్కపోదు. నువ్వు క్రేను దిగాలని కాదు నేను అడిగింది, చూసుకోవాలని.

పోయిన వారం పెద్ద పరీక్ష పెట్టారు. అంచు దాకా నీళ్ళు పోసిన బకెట్టును ఎత్తి, స్తంభాల నడుమ తిప్పి దించాలి. నా వంతు రాగానే మన ఇంట్లో చింతపండు కుండ గుర్తొచ్చింది. ఊపు మొదలయ్యాక ఆపబోతే ఊపు పెరుగుతుంది, ఊపు వెంట నువ్వే ఒక అడుగు పోతే అదే నిలబడుతుంది అని నువ్వు చెప్పేవాడివి కదా. అలాగే చేశాను. ముప్పై మందిలో చుక్క ఒలకనిది నాదొక్కటే. ఎవరు నేర్పారని శాంతయ్య అందరి ముందూ అడిగాడు. నీ పేరు చెప్పాను. అప్పుడెవరూ నవ్వలేదు.

సుబ్బన్న లేని యార్డులో నువ్వు క్రేను ఎక్కుతావంటే నాకు భయంగా ఉంది. ఇంతకంటే ఎలా రాయాలో తెలియడం లేదు.

నీ అల్లుడు,
ధనంజయ


చౌటమిట్ట
27-11-1983

నాయనా ధనంజయా,

ఈ ఉత్తరం నాలుగు ఇన్లాండు కాగితాల మీద ఉంటుంది. చెప్పేది ఎక్కువై కాదు, అక్షరాలు పెద్దవై. లెక్కపెట్టుకో, ఈసారి ఏమీ అనను.

పోయిన సోమవారం సీజనుకు ముందు ట్రయలు వేశారు. సైగల పరీక్ష, కంటి పరీక్ష రెండూ వచ్చే నెలకు వాయిదా పడ్డాయి. పడేలా నేనే చేశాను, రెండుసార్లు జ్వరమని చెప్పి. సుబ్బన్న చోట గంగాధరం అనే కొత్త కలాసీ వచ్చాడు. మర్యాద గల పిల్లవాడు. కాగితం మీది సైగలన్నీ నేర్చుకుని వచ్చాడు. రూలు ప్రకారం దూరంగా స్తంభం దగ్గర నిలబడి, వేలు తిప్పి చూపిస్తాడట. చూపించే ఉంటాడు. నాకు వేళ్ళు కనబడలేదు. పొగమంచు అనుకున్నాను. పదకొండు గంటలకు చౌటమిట్టలో పొగమంచు! మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధానికి హద్దుండదు.

మోపు ఒక పక్కకు ఒరిగింది. ఏదో చెయ్యి లేచినట్టుంటే ఆపాను. గంగాధరం బండిని పక్కకు తీయించడానికి మోపు కిందుగా నడుస్తూ తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. వేళ్ళు ఆనని నా కళ్ళకు ఆ తువ్వాలు మాత్రం ఆనింది. నేను దించాను.

బండివాళ్ళు అరిచారు. బండివాళ్ళు ఎప్పుడూ అరుస్తారు కదా. ఒక ముసలి బండివాడు వాణ్ణి చెయ్యి పట్టి లాగకపోతే ఈ ఉత్తరం నేను ఎక్కడి నుంచి రాసేవాణ్ణో తెలియదు. మోపు బండి మీద పడింది. నొగలు విరిగాయి. ఎడ్లను అప్పటికే విప్పారు. గంగాధరానికి కాలి బొటనవేలు నలిగింది.

ఇక వినాల్సింది ఇది. కిందికి దిగేసరికి అందరూ వాణ్ణే తిడుతున్నారు. మోపు కిందికి ఎందుకు పోయావురా అని. రెండో షిఫ్టు జయరామ్ అయితే, దొరస్వామి చెయ్యి ఇరవై రెండేళ్ళలో తప్పలేదు, ఇప్పుడు తప్పుతుందా అన్నాడు. మర్నాడు మేనేజరు విచారణ. వాడి ఉద్యోగం పోవడం ఖాయం. నేను నోరు తెరవలేదు. వాడు నన్ను చూశాడు. తుడుచుకున్నది వాడి చెమట, నాయనా. అది నాతో మాట్లాడడమని వాడికెలా తెలుస్తుంది?

సాయంత్రం సుబ్బన్న ఇంటికి పోయాను. వాడు నన్ను ఓదారుస్తాడని పోయాను. జరిగింది మొత్తం విన్నాడు. తర్వాత లోపలికి పోయి రెండు తువ్వాళ్ళు తెచ్చి నా ముందు పెట్టాడు. ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది.

"నీకు తెల్లది ఆనడం లేదని రెండేండ్ల నాడే కనిపెట్టినా దొరసామీ. అందుకే ఎర్రది కట్టినా. పోయినేడు అదీ ఆనలేదు. రవ్వంత దగ్గిరికొచ్చి నిలబడినా."

ఎంత దగ్గరికని అడిగాను.

"మోపు నీడలోకి."

ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నువ్వు దిగిపోతావు. నువ్వు దిగితే నేనెవరికని తువ్వాలాడించేది?"

ఏడాది పాటు నా స్నేహితుడి నెత్తి మీద టన్ను చెరకు ఊగించాను ధనంజయా. చుక్క ఒలకలేదని మురిసిపోతూ.

మర్నాడు విచారణలో నేనే ముందు లేచాను. తప్పు నాది, నాకు వాడి వేళ్ళు కనబడవు, వాడి సైగలు నాకు రావు, నా సైగలు వాడికి తెలియవు అన్నాను. మేనేజరు కిటికీలోంచి గడియారం స్తంభం చూపించి టైమెంతని అడిగాడు. ఏ స్తంభమని అడిగాను. అదే నా కంటి పరీక్ష. గంగాధరం పనిలోనే ఉన్నాడు.

తిరుపతి డాక్టరు రెండు కళ్ళలోనూ పొరలన్నాడు. డిసెంబరులో ఒక కంటికి ఆపరేషను. ఆపైన కిందే ఏదో పని ఇస్తారట.

మేనేజరుకు రానని రాశావట. అది చించేసి, వస్తానని రాయి. నిన్ను దొంగలాగా చూశాను. పెద్దవాణ్ణి కాబట్టి క్షమించమని అడగడం రాదు. అడిగాననుకో.

నీ మామ,
దొరస్వామి


పలమనేరు
12-2-1984

చిరంజీవి ధనంజయకు,

మీ మామ మీ అమ్మ ఇంటి వసారాలో కూర్చుని, సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని రాసేది. ఈ ఊరి చలికి అద్దాలు మసకబారుతున్నాయి. ఇది నిజం మసకే, తుడిస్తే పోతోంది. మీ అమ్మ పాలు తాగించి తాగించి నన్ను దూడను చేసింది. ఆపరేషను తర్వాత ఆమెను సరిగా చూడడం ఇదే. అలివేలమ్మా, ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావన్నాను. రెండు రోజులు పాలు రాలేదు.

నువ్వు తెచ్చిన ఇంకు మంచిది. పాతదీ మంచిదేనట. ఇన్నాళ్ళూ అంగడివాణ్ణి తిట్టిన పాపం ఏ గుడిలో కడుక్కోవాలో.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను, అది చెప్పడానికే ఈ ఉత్తరం. పలమనేరు బస్సెక్కే ముందు యార్డుకు వచ్చాను. స్తంభం పక్కన, గంగాధరానికి వెనకగా నిలబడ్డాను. పైన క్యాబిన్‌లో నువ్వున్నావు. నీ ముఖం కనబడింది. మోపు గాలిలో ఆగి ఉంది, కింద ఎవరూ లేరు. ఎండ. అద్దాల కింద చెమట కారి కంట్లోకి పోతోంది. ఆ కంటికి చెమట తగలకూడదని డాక్టరు చెప్పాడు. తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాను.

తుడుచుకున్నాక తెలిసింది ఏం చేశానో.

ధనంజయా, ఆ భాష నీకు నేర్పింది నేనే కదా. రెండు సీజన్లు, పసివాడికి మాటలు నేర్పినట్టు నేర్పాను. తల పైకెత్తి చూశాను. మోపు కదల్లేదు. గంగాధరం అరచెయ్యి చాచి ఉంచాడు, కొక్కెం అలాగే ఉంది. వాడు వేలు తిప్పాకనే మెల్లగా దిగింది.

నువ్వు నన్ను చూడలేదనుకుంటాను. ఒకడు నన్ను చూడనందుకు ఇంత సంతోషించడం నా జన్మలో ఇదే.

సుబ్బన్న రోజూ సాయంత్రం ఒక్కడే కూర్చుంటున్నాడట. అప్పుడప్పుడు పోయి రా.

నేల మీద నిలబడ్డవాడు,
మామ దొరస్వామి


చౌటమిట్ట
19-2-1984

మామకు నమస్కారాలు.

సుబ్బన్న దగ్గరికి పోయాను. బాగున్నాడు. నేను లేచి వస్తుంటే తువ్వాలు చంకలో పెట్టుకున్నాడు. కూర్చుని టీ తాగి వచ్చాను.

నువ్వు యార్డుకు వచ్చిన రోజు సంగతి. నేను నిన్ను చూశాను మామా. నువ్వు గేటు దగ్గర ఉండగానే చూశాను. అంత లావు అద్దాలు ఇంకెవరికున్నాయి?

నువ్వు ముఖం తుడుచుకోగానే నా చెయ్యి హ్యాండిలు మీదికి పోయింది. నేను పంపలేదు, దానంతట అదే పోయింది. అప్పుడు గంగాధరం అరచెయ్యి చూశాను. నా చేతిని తీసి తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాను. వాడు వేలు తిప్పేదాకా అలాగే ఉన్నాను.

నీ తువ్వాలు మాట వినకుండా ఉండడం నాకు అదే మొదటిసారి. నేను రాసిన పరీక్షలన్నింటిలోకీ అదే కష్టమైంది.

కళ్ళు జాగ్రత్త. మార్చిలో రెండో కంటికి నేనే వెంట వస్తాను, సెలవు అడిగాను.

ఆకాశంలో కూర్చుని అన్నం తినేవాడు,
నీ అల్లుడు ధనంజయ